మన పేరు మీద ఏం రాసి ఉంది? ఇంటిల్లిపాదీ వివరాలను వెతికి, దిద్దించి, కాపాడుకునే సమగ్ర మార్గదర్శి

జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే సైదులు, యాదగిరి నర్సన్నకు మొక్కుకుంటే యాదయ్య, కురుమూర్తి స్వామి పేరున కుర్మయ్య. మన నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో పేర్లు ఇలాగే పెడతారు. ఏ ఊరి ఓటరు జాబితా తిరగేసినా ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఊళ్ళో దానితో ఏ ఇబ్బందీ లేదు. ఒకాయన బావికాడి సైదులు, ఇంకొకాయన కొత్తింటి సైదులు. కంప్యూటర్‌కు మాత్రం ఆ బావీ తెలియదు, ఆ కొత్తిల్లూ తెలియదు. ఒక సైదులు కారు కొంటే ఇంకో సైదులు రేషన్ కార్డు పోవచ్చు.

ఇది ఊహించి రాసిన మాట కాదు. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ ఉంది. రవాణా, విద్యుత్, పన్నులు, భూమి వంటి వేర్వేరు శాఖల రికార్డులను పేరు, చిరునామా పోల్చి ఒక మనిషి కింద కలపడం దాని పని. రేషన్ కార్డుల ఏరివేతలో, కొత్త దరఖాస్తుల వడపోతలో దాన్ని వాడారు. 2014 తర్వాత కొన్నేళ్ళలో లక్షల కార్డులు రద్దయ్యాయి. కంప్యూటర్ లెక్కను నమ్మి, ఇంటికి వెళ్ళి చూడకుండానే తీసేశారని కేసు పడింది. రద్దు చేసిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

డేటా గురించి వచ్చే సలహాలన్నీ ఒకటే చెబుతాయి: దాచుకోండి, ఎవరికీ ఇవ్వకండి. పల్లెలో ఉండేవాళ్ళకు ఆ సలహా సగమే పనికొస్తుంది. పింఛనుకు, రేషన్‌కు, రైతు భరోసాకు, పిల్లల స్కాలర్‌షిప్‌కు వివరాలు ఇవ్వకుండా బతకలేం. కాబట్టి ఎవరెవరి దగ్గర మన గురించి ఏం రాసి ఉందో చదవాలి, తప్పుంటే దిద్దించాలి, అవసరం లేనిచోట ఇవ్వడం మానాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది. స్మార్ట్‌ఫోన్ తెలిసిన ఒకరు పక్కనుంటే ఒక ఆదివారం చాలావరకు పని తెమిలిపోతుంది. కొన్నింటికి మాత్రం ఆఫీసులకు తిరగక తప్పదు.

మొదటి మెట్టు: నోటుబుక్కులో ఇంటి లెక్క

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక పేజీ పెట్టండి. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్‌కార్డు, పదో తరగతి మెమో, పాన్ కార్డు ముందేసుకోండి. ప్రతి కాగితం మీద పేరు తెలుగులోను, ఇంగ్లిష్ అక్షరాల్లోను ఎలా ఉందో, ఇంటిపేరు ముందుందా వెనకుందా, పుట్టిన తేదీ ఏమిటో, ఏ ఫోన్ నెంబర్ ఇచ్చారో రాయండి. నెంబర్లు మాత్రం పూర్తిగా రాయొద్దు, చివరి నాలుగు అంకెలు చాలు. ఆ నోటుబుక్కే పోతే మళ్ళీ అదో తలనొప్పి.

పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది ఇదే. ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఇదే. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ళకు ఆధార్ నమోదు చేసేటప్పుడు జనవరి 1 వేసేశారు. ఓటరు జాబితాలో వయసు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. వృద్ధాప్య పింఛను ఆ తేడా దగ్గరే ఆగుతుంది. పెళ్ళయి వచ్చిన ఆడవాళ్ళకు ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకో కాగితంలో అత్తింటిది. ఎక్కడ తేడా ఉందో అక్కడ ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. వాటి సంగతి చివరి మెట్టులో చూద్దాం.

రెండో మెట్టు: ఫోన్ నెంబరే తాళం చెవి

ఓటీపీ ఎవరి ఫోన్‌కు వెళ్తుందో, ఆ మనిషి వివరాలన్నీ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. పాలమూరు నుంచి ముంబై, పూణె పనులకు పోయేవాళ్ళు అక్కడ కొత్త సిమ్ తీసుకుంటారు, పాతది రీచార్జ్ లేక ఆగిపోతుంది. ఆగిపోయిన నెంబర్‌ను కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత కంపెనీ వేరేవాళ్ళకు ఇవ్వొచ్చు. అప్పుడు మన బ్యాంకు మెసేజ్‌లు ఏ ఊరివాడికో పోతుంటాయి. అందుకే నెంబర్ వదిలే ముందే బ్యాంకులో, ఆధార్‌లో, యూపీఐలో, వాట్సాప్‌లో మార్చుకోవాలి. ఆధార్‌లో నెంబర్‌ను ఆధార్ కేంద్రానికి వెళ్ళి మార్చుకోవచ్చు. 2025 అక్టోబర్ నుంచి దానికి రుసుము 75 రూపాయలు. అంతకు మించి అడిగితే రసీదు చూపించమనండి.

అమ్మమ్మ ఆధార్‌కు ఎవరి నెంబర్ ఉందో చాలా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. నమోదు రోజు పక్కనున్నవాళ్ళ నెంబర్ ఇచ్చేసి ఉంటారు. మైఆధార్ వెబ్‌సైట్‌లో నెంబర్‌ను సరిచూసుకునే వీలుంది, అది ముందు చూడండి.

తర్వాత మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడాలి. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో నెంబర్, ఓటీపీ కొడితే జాబితా వస్తుంది. తెలియని నెంబర్ కనిపిస్తే 'ఇది నా నెంబర్ కాదు' అని అక్కడే గుర్తు పెట్టొచ్చు. పాతది, మనదే, ఇక అక్కర్లేదనుకుంటే దానికీ వేరే ఎంపిక ఉంది. ఒకరి పేరు మీద గరిష్ఠంగా 9 సిమ్‌లు ఉండొచ్చు. ఫోన్ పోయినా అదే పోర్టల్‌లో దాన్ని బ్లాక్ చేయించుకోవచ్చు.

మూడో మెట్టు: ఆధార్, జిరాక్స్ సెంటర్, వేలిముద్ర

మన దగ్గర ఆధార్ ఎక్కువగా బయటపడేది హ్యాకర్ల వల్ల కాదు, జిరాక్స్ సెంటర్ల వల్ల. ఫొటో స్టూడియో అతని వాట్సాప్‌కు ఆధార్ పంపుతాం, ప్రింట్ తీసిస్తాడు, ఫైలు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. సరిగా పడని కాపీ చెత్తబుట్టలోకి పోతుంది. అతను చెడ్డవాడేం కాదు, ఫైళ్ళు తుడిచే తీరిక లేదంతే. కాబట్టి మీ కళ్ళ ముందే డిలీట్ చేయించండి, చెడిపోయిన కాపీని చింపి జేబులో వేసుకోండి. ఇవ్వాల్సిన కాపీ మీద ఎందుకు ఇస్తున్నారో, ఏ తేదీనో అడ్డంగా రాసి సంతకం పెట్టండి. షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి ఉంటే, ఇంటికొచ్చాక ఫోన్‌లో 'లింక్డ్ డివైసెస్' చూసి లాగౌట్ కొట్టండి.

మొదటి 8 అంకెలు దాచి చివరి 4 మాత్రం చూపే 'మాస్క్‌డ్ ఆధార్' ఉంటుంది. మైఆధార్ వెబ్‌సైట్ నుంచి దించుకోవచ్చు. లాడ్జిలో గదికి, హాస్టల్‌లో చేరడానికి, అద్దె ఇంటికి ఇది చాలు. 12 అంకెల బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ కూడా తీసుకోవచ్చు, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు.

ఇక వేలిముద్ర. దీని దగ్గర కాస్త ఆగాలి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌ల వ్యాపారి, ఇంటర్నెట్‌లో దొరికిన రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల నుంచి రబ్బరు ముద్రలు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. ఆ తర్వాత దేశంలో చాలాచోట్ల ఇలాంటి నకిలీ వేళ్ళతోనే ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతాల్లోంచి డబ్బు లాగారు. దీనికి ఓటీపీ కూడా అవసరం లేదు.

మందు ఉంది: బయోమెట్రిక్ లాక్, అంటే మన వేలిముద్రతో ఎవరూ ఆధార్ వాడకుండా వేసే తాళం. ఆధార్ అధికారిక యాప్‌లో గాని, వెబ్‌సైట్‌లో గాని పెట్టుకోవచ్చు. అయితే అందరికీ ఒకేలా పెట్టేస్తే వచ్చే నెల రేషన్ షాపు దగ్గర మిషన్ ఒప్పుకోదు. మన ఇళ్ళకు కుదిరే పద్ధతి ఇది: రేషన్ కార్డులో ఉన్న ఎవరి వేలిముద్రతోనైనా బియ్యం తీసుకోవచ్చు కాబట్టి, షాపుకు వెళ్ళే ఒక్కరిని వదిలేసి మిగతావాళ్ళవి లాక్ చేయండి. ఆ ఒక్కరి పేరు మీద బ్యాంకులో పెద్ద మొత్తం ఉంచకండి. వేలిముద్రతో పింఛను తీసుకునే పెద్దవాళ్ళకు లాక్ పెడితే పింఛను రోజున తాత్కాలికంగా తెరవాలి, అందుకు ఓటీపీ వచ్చే ఫోన్ పక్కన ఉండాలి. అది కుదరదనిపిస్తే లాక్ జోలికి పోవద్దు. జాగ్రత్త పేరుతో ముసలాయనను రెండుసార్లు తిప్పడం న్యాయం కాదు.

మైఆధార్‌లో 'అథెంటికేషన్ హిస్టరీ' అని ఉంటుంది. గత 6 నెలల్లో మన ఆధార్‌ను ఎక్కడెక్కడ వాడారో చూపుతుంది. తెలియని తేదీ కనిపిస్తే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి.

నాలుగో మెట్టు: ఫోన్‌లోని యాప్‌లు

ఇక్కడ ముందు లోన్ యాప్‌ల సంగతి. నిమిషాల్లో 5 వేలు, 10 వేలు ఇస్తామంటారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్‌లు, ఫొటోలు చూడటానికి అనుమతి అడుగుతారు. కిస్తీ ఒక రోజు ఆలస్యమైతే అందులోని మేనమామకు, వియ్యంకుడికి, పిల్లల బడి సారుకు ఫోన్లు, మార్ఫింగ్ ఫొటోలు. 2020 చివర్లో ఈ వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయాయి, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. తాకట్టు పెట్టింది బంగారం కాదు, బంధుత్వం. అందుకే ఆ అప్పు అంత సులువుగా పుడుతుంది.

2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు నియమం తెచ్చింది. అప్పు ఇచ్చే యాప్ మన కాంటాక్ట్‌లు, కాల్ జాబితా, ఫైళ్ళు, ఫొటోల జోలికి పోకూడదు. కేవైసీ (మనమెవరో సరిచూసుకోవడం) కోసం కెమెరా, మైకు, లొకేషన్ ఒక్కసారి, అదీ మన అనుమతితో వాడుకోవచ్చు. కాబట్టి గుర్తు సులువు: అప్పు యాప్ కాంటాక్ట్‌లు అడిగిందంటే అది నియమం తప్పిన యాప్. అప్పు ఇస్తున్న బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు తెర మీద లేకపోతే అసలు ముట్టుకోవద్దు. 2025 జూలై నుంచి రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో అప్పుల యాప్‌ల జాబితా ఉంది, పేరు అందులో వెతకండి.

మిగతా యాప్‌లకు: ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరవండి. కాంటాక్ట్‌లు, మైకు, లొకేషన్, ఎస్ఎంఎస్ ఈ నాలుగూ ఒక్కొక్కటిగా చూడండి. టార్చ్ యాప్‌కు, క్యాలెండర్ యాప్‌కు మన కాంటాక్ట్‌లతో ఏం పని? తీసేయండి. ఎస్ఎంఎస్ అనుమతి ఇంకా ప్రమాదం, ఓటీపీలు అక్కడే ఉంటాయి. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్ళు (నొక్కితే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేవి) ఆ అనుమతి కోసమే వస్తాయి. ఏపీకే ఫైలు ఎవరు పంపినా తెరవొద్దు. పంపింది సొంత తమ్ముడే అయినా, అతని ఫోన్ అప్పటికే వేరేవాళ్ళ చేతికి పోయి ఉండొచ్చు.

ఒక చిక్కు ఉంది. మీరెంత జాగ్రత్తపడ్డా మీ బావమరిది తన కాంటాక్ట్‌లకు అనుమతి ఇస్తే అందులో మీ నెంబరూ పోతుంది. అందుకే ఈ మెట్టు ఇంటిల్లిపాదికీ, దగ్గరి చుట్టాలకూ కలిపి చేయాలి. పండక్కి అందరూ కలిసినప్పుడు చేస్తే సరి.

ప్రకటనల సంగతి క్లుప్తంగా. బత్తాయి తోట తెగులుకు మందు వెతికితే గంటలోనే యూట్యూబ్‌లో పురుగుమందుల ప్రకటన వస్తుంది. మనం ఏం వెతికాం, ఏ వీడియో ఎంతసేపు చూశాం, ఎక్కడ తిరిగాం అన్నదంతా కలిపి మన ఆసక్తులను లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారం ప్రకటన చూపే అవకాశాన్ని కంపెనీలకు అమ్ముతారు. ప్రకటన వరకు అయితే నాకు పెద్ద బాధ లేదు. అప్పుల్లో ఉన్నవాడు అప్పు గురించి వెతికితే ఇంకో అప్పు ప్రకటనే చూపడం మాత్రం మంచిది కాదు. సెట్టింగ్స్‌లో గూగుల్, యాడ్స్ కింద అడ్వర్టైజింగ్ ఐడీ (ప్రకటనల కోసం మన ఫోన్‌కు పెట్టిన గుర్తు) డిలీట్ చేయొచ్చు. గూగుల్ ఖాతాలో 3 నెలలు దాటిన వెతుకులాట చరిత్ర దానంతటదే తుడిచిపెట్టుకుపోయేలా పెట్టొచ్చు.

ఐదో మెట్టు: గుమ్మం ముందుకొచ్చి అడిగితే

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు గుర్తుందా? ఇంట్లో లేకపోతే లెక్కలో ఉండమేమోనన్న టెన్షన్‌తో వలస పోయినవాళ్ళు దొరికిన బస్సు పట్టుకుని ఊళ్ళకు తిరిగొచ్చారు. పదేళ్ళకు, 2024 నవంబర్‌లో, ఇంటింటి కుల సర్వే వచ్చింది. 75 ప్రశ్నలు. కులం, చదువు, భూమి, అప్పులు, రాజకీయం దాకా అడిగారు. దాని ఫలితాల మీదే బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల చర్చ నడిచింది. లెక్క చెప్పకపోతే వాటా అడగలేం. నల్లగొండ జిల్లావాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచి చూపాకే మంచినీళ్ళ పోరాటానికి బలం వచ్చింది.

కాబట్టి సర్వే అంటేనే తలుపు వేసుకోమని నేను చెప్పను. మూడు ప్రశ్నలు అడగండి: మీరు ఎవరు, గుర్తింపు కార్డు ఏది? ఏ చట్టం లేదా ఏ ఉత్తర్వు కింద అడుగుతున్నారు? జవాబు చెప్పకపోతే ఏమవుతుంది? జనగణనకు 1948 నాటి చట్టం ఉంది. జవాబు చెప్పడం తప్పనిసరి, కానీ మనం చెప్పింది ఎవరికీ చూపకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదు. మిగతా సర్వేలన్నిటికీ అంత గట్టి కంచె లేదు. ఏ లెక్కల పని అయినా బ్యాంకు ఖాతా పిన్, ఓటీపీ అడగదు. అడిగారంటే అది సర్వే కాదు.

ఎన్నికల ముందు పార్టీల పేరుతోనో, ఏదో పథకం పేరుతోనో ఓటరు నెంబర్, ఫోన్ నెంబర్, ఎవరికి ఓటేస్తారు అని రాసుకుపోయేవాళ్ళకు జవాబు చెప్పాల్సిన పని ఏమీ లేదు.

షాపుల్లో బిల్లు దగ్గర ఫోన్ నెంబర్ అడుగుతారు. నెంబర్ ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ వ్యాపారులకు చెప్పింది. 'వద్దు' అంటే చాలు, గొడవ అక్కర్లేదు. ఆసుపత్రుల్లో అడిగే ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నెంబర్ కూడా ఐచ్ఛికమే. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు ఆధార్ తప్పనిసరి చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. అంతకు ముందే, 2017 ఆగస్టు 24న, గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పిచ్చింది.

ఆరో మెట్టు: తప్పును దిద్దించడం

నోటుబుక్కులో ఎర్ర గీతలు పెట్టిన చోటికి తిరిగి వద్దాం. ముందు ఆధార్ సరిచేయించండి, ఎందుకంటే మిగతావాళ్ళంతా దాన్నే చూస్తారు. పదో తరగతి మెమో ఉన్నవాళ్ళు అందులో ఉన్నట్టే ఆధార్‌లో ఉండేలా చూడాలి. పుట్టిన తేదీ సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు, అందుకని తొందరపడి ఏదో ఒక తేదీ వేయించొద్దు. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత రేషన్ కార్డు, పాస్‌బుక్. పిల్లలకు 5 ఏళ్ళప్పుడు, 15 ఏళ్ళప్పుడు వేలిముద్రలు, ఫొటో కొత్తగా ఇవ్వాలి. మరిచిపోతే స్కాలర్‌షిప్ వేళ ఇబ్బంది పడతారు.

ఓటరు జాబితాను ఎన్నికల రోజు కాదు, ముసాయిదా జాబితా వచ్చినప్పుడు చూడాలి. 2018 అసెంబ్లీ ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రానికి వెళ్ళి పేరు లేక వెనుదిరిగినవాళ్ళు మన రాష్ట్రంలో చాలామంది, ప్రధాన ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

భూమి రికార్డు 2025 ఏప్రిల్ నుంచి భూభారతి పోర్టల్‌లోకి మారింది, నారాయణపేట జిల్లా మద్దూరు మండలం అప్పుడు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన నాలుగింటిలో ఒకటి. మీ సర్వే నెంబర్, విస్తీర్ణం, పేరు చూసుకుని తేడా ఉంటే అందులోనే దరఖాస్తు పెట్టాలి. అప్పుల చరిత్ర చాలామంది చూడరు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మీరు తీసుకోని అప్పు మీ పేరు మీద ఉంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే అభ్యంతరం పెట్టొచ్చు. ఒకే పేరు ఉన్నవాళ్ళ అప్పులు కలిసిపోవడం ఇక్కడా జరుగుతుంది. బ్యాంకులో క్రాప్ లోన్ అడిగే ముందే చూసుకోండి.

కంపెనీల దగ్గరున్న వివరాలకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం ఉంది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలలకు, అంటే 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. అప్పుడు మన దగ్గర ఏం తీసుకున్నారో అడగొచ్చు, దిద్దమనొచ్చు, తుడిచేయమనొచ్చు, ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోవచ్చు. సమ్మతి నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా కల్పించాలి. కంపెనీ తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. కానీ అదే చట్టం సమాచార హక్కు చట్టంలో ఒక సెక్షన్‌ను కూడా మార్చింది. ఇతరుల వ్యక్తిగత సమాచారం అడగడం ఇప్పుడు కష్టమైంది. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో ఎవరికి ఎన్ని పని దినాలు పడ్డాయో ఊరందరి ముందు చదివి దొంగ మస్టర్లు పట్టుకున్న చోట, గోప్యత పేరుతో ఆ జాబితాలే దాచేస్తారేమోనన్న భయం నాకుంది.

మోసంలో డబ్బు పోయిందా? అప్పుడు ఈ మెట్లన్నీ పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఉంటుంది. సిగ్గుతో తెల్లారేదాకా ఆగొద్దు.

రేషన్ కార్డో, పింఛనో కంప్యూటర్ కారణంగా ఆగిపోతే నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి కాగితం రాసిచ్చి రసీదు తీసుకోండి. దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అందులో 'నా దరఖాస్తును ఏ తేదీన, ఏ కారణంతో తిరస్కరించారు? ఆ నిర్ణయానికి నా పేరు మీద ఏ శాఖ రికార్డు వాడారు? ఆ వాహనం లేదా భూమి నాదేనని ఎవరు ఇంటికొచ్చి పరిశీలించారు?' అని మూడు ప్రశ్నలు చాలు. మీ సొంత రికార్డే కాబట్టి వ్యక్తిగత సమాచారమని కాదనడానికి వీల్లేదు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. దరఖాస్తు కాపీ, రసీదు జతచేయడం మరవొద్దు.